గంగమ్మ రాలేదని చెప్పిన తర్వాత

నాకు పంతొమ్మిదేళ్లప్పుడు గంగమ్మ మొదటిసారి నా మీదికి వచ్చింది. అప్పటికి నేను ఆ ఊరికి కోడలిగా వచ్చి ఆరు నెలలే అయింది. పొంగలి కుండ నెత్తిన పెట్టుకుని గుడి ముందు ఆడవాళ్ల వరసలో నిలబడి ఉన్నాను. ఎండ నడినెత్తికి వచ్చింది. పంబల వాళ్లు జోడు డోళ్లు వాయిస్తున్నారు. ఉన్నట్టుండి ఆ చప్పుడంతా ఆగిపోయింది. వాయించేవాళ్ల చేతులు ఆడుతూనే ఉన్నాయి, నాకు మాత్రం ఏమీ వినిపించడం లేదు. ఆ తర్వాత ఏం జరిగిందో నాకు తెలియదు. కళ్లు తెరిచేసరికి మా అత్త నా తలను ఒళ్లో పెట్టుకుని ఉంది. నా చీరంతా పసుపు నీళ్లతో తడిసిపోయింది. ఊరి పెద్ద, మా నాన్న వయసు మనిషి, నా కాళ్లకు దండం పెడుతున్నాడు.

మా పల్లె కోట టౌనుకు తూర్పున, రొయ్యల గుంటలు దాటాక, సముద్రం ఒడ్డున ఉంటుంది. ఊళ్లో అందరిదీ చేపల వేటే. వేసవిలో వేట నిషేధం పెట్టి పడవలన్నీ ఇసుక మీదికి లాగేసిన రోజుల్లో గంగమ్మకు తిరునాళ్లు చేస్తాం. ఆ ఏడాది మొదలు ఇరవై ఆరు తిరునాళ్లలో అమ్మ నా మీదికే వచ్చింది. జనం వరసగా వచ్చి అడిగేవాళ్లు. ఈ ఏడు వేట ఎట్లా ఉంటుంది, కూతురికి సంబంధం కుదురుతుందా, పడవకు కొత్త ఇంజను పెట్టొచ్చా. నేనేం చెప్పానో తర్వాత వాళ్లు చెబితేనే నాకు తెలిసేది.

మిగతా రోజుల్లో నేను అంగన్‌వాడీ టీచర్ని. పదో తరగతి పాసైనందుకు ఆ ఉద్యోగం వచ్చింది. పిల్లల బరువులు చూసి రాసుకోవడం, గుడ్లు ఉడకబెట్టి పెట్టడం, గర్భిణులకు బలం మందులు ఇవ్వడం. కానీ ఊళ్లో నన్ను ఎవరూ టీచరు అనేవాళ్లు కాదు. అమ్మ అనేవాళ్లు. కొత్త పడవను నీళ్లలోకి దించితే దాని మొగానికి పసుపు పూయడానికి నన్ను పిలిచేవాళ్లు. బిడ్డ పుడితే మొదటి బొట్టు నా చేత పెట్టించుకునేవాళ్లు. కొళాయి దగ్గర నా బిందెకు దారి ఇచ్చేవాళ్లు. ఇవన్నీ నాకు ఇష్టం లేవని చెబితే అబద్ధమవుతుంది. ఇష్టంగానే ఉండేవి.

కానీ నేను ఏడాదంతా ఎదురుచూసింది వాటికోసం కాదు. పంబల చప్పుడు ఆగిపోయే ఆ ఒక్క క్షణం కోసం. ఆ నిశ్శబ్దంలో నాకు భయం ఉండేది కాదు, నాకొక పేరున్నట్టు కూడా గుర్తుండేది కాదు. ఎవరో నన్ను పూర్తిగా ఎరిగినవాళ్లు దగ్గరికి వచ్చినట్టుండేది. తర్వాత వచ్చే పూనకం ఊరిది. ఆ క్షణం మాత్రం నాది. దాని గురించి నేనెవరికీ చెప్పలేదు. చెప్పాలన్నా ఎట్లా చెప్పాలో తెలియదు.

ఇరవై ఏడో తిరునాళ్లకు ఆ నిశ్శబ్దం రాలేదు.

గుడి ముందు నిలబడ్డాను. ఇద్దరు ఆడవాళ్లు నా భుజాలు పట్టుకున్నారు. చుట్టూ కర్పూరం వెలిగించారు. పంబల ఆయన నా చెవి దగ్గరికి వచ్చి గట్టిగా వాయించాడు. ప్రతి దెబ్బా స్పష్టంగా వినిపిస్తోంది. వెనకాల ఎవరో పిల్లాణ్ణి కసురుకోవడం వినిపిస్తోంది. కాళ్ల కింద ఇసుక కాలుతున్నది తెలుస్తోంది. చాలాసేపు గడిచింది. జనం మొగాలు చూశాను. అందరూ నా వైపే చూస్తున్నారు. మా ఆయన గుడి గోడ పక్కన తువ్వాలు నడుముకు చుట్టుకుని, చేతులు జోడించి నిలబడి ఉన్నాడు.

అప్పుడు నేను ఊగడం మొదలుపెట్టాను.

ఎట్లా ఊగాలో ఇన్నేళ్లుగా వాళ్లూ వీళ్లూ చెప్పగా విన్నాను. జుట్టు విరబోసుకున్నాను. వేపమండలు అందుకున్నాను. గొంతు మార్చాను. ఒక్కరికీ అనుమానం రాలేదు. ఒకరి తర్వాత ఒకరు వచ్చి అడుగుతుంటే నోటికి వచ్చిన మంచి మాట చెబుతూ వచ్చాను. అంతలో మా పక్కింటి వదిన వచ్చింది.

వదిన అంటే రక్త సంబంధం కాదు. మా రెండిళ్లకూ మధ్య ఒకే గోడ. ఆమె ఇంట్లో పులుసు తాలింపు పెడితే నాకు తుమ్ము వచ్చేది. వాళ్లాయనను నేను అన్నా అని పిలిచేదాన్ని. ఆయనకు పది రోజుల నుంచి గుండెల్లో నొప్పిగా ఉంటోంది. ప్రభుత్వ ఆస్పత్రి డాక్టరు నెల్లూరికి తీసుకుపొమ్మన్నాడు. అన్నకు భయం. నాలుగు రోజుల ముందు నేనే, మా పెరట్లో బట్టలు ఆరేస్తూ, "వదినా, ఆలస్యం చెయ్యబాక, నెల్లూరికి తీసుకొని పో" అని చెప్పి ఉన్నాను.

ఇప్పుడు వదిన నా ముందు మోకాళ్ల మీద కూర్చుంది.

"అమ్మా, నెల్లూరికి తీసుకుపోవాల్నా, నువ్వే చూసుకుంటావా? నువ్వేం చెప్తే అదే చేస్తాం తల్లీ" అంది.

జవాబు నాకు తెలుసు. కానీ ఆ జవాబు నాది, అమ్మది కాదు. అమ్మయితే ఏం చెబుతుంది? ఆస్పత్రికి పొమ్మని గంగమ్మ చెబుతుందా? అట్లా చెబితే జనానికి అనుమానం రాదా? ఇవన్నీ రెప్పపాటులో నా మనసులో తిరిగాయి.

"మూడు శుక్కురోరాలు నా గుడికి రా. నేను చూసుకుంటా" అన్నాను.

రెండో శుక్రవారం గుడి నుంచి వచ్చి, వల ముందు పెట్టుకుని చిరుగులు కుట్టుకుంటూ, అన్న అట్లాగే పక్కకు ఒరిగిపోయాడు.

శవం దగ్గర వదిన నన్ను పట్టుకుని ఏడ్చింది. "అమ్మే పిలుచుకునింది, మంచోడని అమ్మే పిలుచుకునింది" అని అంటూనే ఉంది. నా భుజం మీద ఆమె తల. చెప్పాలని నోరు తెరిచాను. "ఊరుకో వదినా" అన్నాను. నెల్లూరికి తీసుకుపోయి ఉంటే బతికేవాడో లేదో నాకు తెలియదు. ఈరోజుకీ తెలియదు. కానీ తీసుకుపోకుండా చేసింది నేను.

ఆ ఏడాది ఎట్లా గడిచిందో రాయలేను. వాళ్ల కొడుకు పక్క వీధిలో వేరు కాపురం. గోడకు అటువైపు ఆమె ఒక్కతే వంట చేసుకుంటున్న చప్పుడు వినిపించేది. ఒక మనిషికి చాలినంత బియ్యం చేటలో పోసుకున్న చప్పుడు కూడా నాకు తెలిసిపోయేది. పండగనాడు మిగతావాళ్లు నా చేత బొట్టు పెట్టించుకోవడానికి వస్తే, ఆమె దూరంగా నిలబడి దండం పెట్టేది. ఆ దండాన్ని నేను భరించలేకపోయాను.

మళ్లీ తిరునాళ్లు వచ్చాయి. మళ్లీ నన్ను నిలబెట్టారు. పంబలు మొదలయ్యాయి. వస్తుందేమోనని నిజంగానే ఎదురుచూశాను. రాలేదు. భుజాలు పట్టుకున్న ఆడవాళ్ల చేతులు విడిపించుకున్నాను.

"అమ్మ రాలేదు" అన్నాను.

వాయిద్యంలో ఎవరికీ వినపడలేదు. పంబల ఆయన చెయ్యి పట్టుకుని ఆపాను. "అమ్మ రాలేదు. పోయినేడు కూడా రాలేదు. పోయినేడు మాట్లాడింది నేనే" అని గట్టిగా చెప్పాను.

వదిన ఆడవాళ్ల మధ్య నుంచి లేచింది. నా మొగం వైపు చూసింది. ఎంతసేపు చూసిందో. తర్వాత తన పొంగలి కుండ తీసుకుని, అమ్మకు పెట్టకుండానే, ఇంటికి వెళ్లిపోయింది.

ఆ సాయంత్రమే ఊరి పెద్ద మా ఇంటికి వచ్చాడు. మొదటిసారి నా కాళ్లకు దండం పెట్టిన పెద్దాయన కొడుకు. నాకంటే రెండేళ్లు పెద్ద. పూజారిని కూడా వెంట తెచ్చాడు. మా ఆయన కుర్చీలు వేశాడు. పెద్ద కోపంగా లేడు. అది నాకు ఇంకా కష్టమనిపించింది.

"ఏదో మైల పడి ఉంటాదమ్మా. శాంతి చేపిద్దాం. వచ్చే ఏడు అమ్మ తప్పకుండా వస్తాది" అన్నాడు.

"రావచ్చన్నా. వస్తే వద్దనను. కానీ పోయినేడు నేను నటించినా. పక్కింటి అన్న పోయినాడు" అన్నాను.

"ఆయనకు రాసిపెట్టి ఉండాది, పోయినాడు. నీదేముంది అందులో? నీ నోట ఏం వచ్చినా అది అమ్మ మాటే. నువ్వు నటించినానని అనుకున్నా సరే, అమ్మ అనిపించబట్టే అనింది నీ నోరు."

పూజారి తల ఊపాడు. ఆ మాట నమ్మితే ఎంత హాయిగా ఉండేదో. ఆ రాత్రి నిద్రపోయి ఉండేదాన్ని.

"లేదన్నా. అమ్మ మీద వెయ్యలేను" అన్నాను.

పెద్ద లేచి తువ్వాలు భుజాన వేసుకున్నాడు. "ఈ మాట ఇంకెవరి దగ్గరా అనబాకమ్మా. ఇప్పుడు పోయినేడు అబద్ధమంటావు. రేపు జనం ఇరవై ఆరేళ్లూ అబద్ధమే అంటారు. అప్పుడు సముద్రం మీదికి పొయ్యేటోడు ఏం నమ్ముకోని పోవాల?" అన్నాడు.

ఆ ఇరవై ఆరేళ్లూ నిజమేనని నేను ఇప్పటికీ అనుకుంటాను. కానీ ఆ సంగతి వినడానికి ఊరు సిద్ధంగా లేదు. ఒకటి అబద్ధమన్న మనిషి మిగతావి నిజమంటే ఎవరు నమ్ముతారు?

ఎవరూ నన్ను వెలి వెయ్యలేదు. కొత్త పడవ దించారు, నన్ను పిలవలేదు, అంతే. బొట్టు పెట్టించుకోవడానికి ఎవరూ రాలేదు. కొళాయి దగ్గర నా వంతు వచ్చేదాకా నిలబడ్డాను. అది న్యాయమే, అందరూ అట్లాగే నిలబడతారు. కానీ నేను వెళ్లగానే మాటలు ఆగిపోయేవి. పిల్లల్ని మాత్రం అంగన్‌వాడీకి పంపేవాళ్లు. ముత్తుకూరు దగ్గర కాపురముంటున్న మా అమ్మాయి ఫోను చేసి, "మా అత్తోళ్లు అడగతా ఉండారు, మీ అమ్మ మతం మారిందా అని. ఏం చెప్పేది?" అంది. మారలేదని చెప్పమన్నాను. "మరి గుడికెందుకు పోవడం లేదు?" అంది. వంట అయిందా అని అడిగాను.

మా ఊరి చివర, తుఫాను షెల్టరు పక్కన, రేకుల కప్పు వేసిన ప్రార్థన మందిరం ఒకటి ఉంది. పది పదిహేను కుటుంబాలు పోతాయి. ఒకరోజు పాస్టరు గారు, ఆయన భార్య అంగన్‌వాడీకి వచ్చారు. ఇద్దరూ మెత్తని మనుషులు. "మీరెంత బాధపడుతున్నారో మాకు తెలుసమ్మా. ఒక్క ఆదివారం వచ్చి కూర్చోండి, ఏమీ చెయ్యొద్దు" అన్నారు.

నాలుగు ఆదివారాలు పోయాను. వాళ్ల పాటలు నాకు నచ్చాయి. మొదటి ఆదివారం పాట మధ్యలో నాకు ఏడుపు వచ్చింది. అటుపక్క ఒకామె, ఇటుపక్క ఒకామె నా చేతులు పట్టుకున్నారు. ఎవరో ఒక మనిషి చెయ్యి నాకు తగిలి ఎన్ని నెలలైందో అప్పుడు లెక్కకు వచ్చింది. అందుకే మళ్లీ పోయాను, దాచడమెందుకు.

నాలుగో ఆదివారం పాస్టరు గారు నన్ను సాక్ష్యం చెప్పమన్నారు. మీ జీవితంలో జరిగింది అందరికీ చెప్పండమ్మా, బరువు దిగిపోతుంది అన్నారు. మైకు నా చేతికి ఇచ్చారు. వదిన గురించి, అన్న గురించి, మూడు శుక్రవారాల గురించి చెప్పాను. ఆడవాళ్లు కళ్లు తుడుచుకున్నారు.

పాస్టరు గారు నా పక్కన నిలబడి, "ఆ రోజు మీ నోట మాట్లాడింది మీరు కాదమ్మా. సాతాను. ఇరవై ఆరేళ్లుగా మిమ్మల్ని పట్టుకుని ఉండింది. ఇప్పుడు వదిలింది, మీరు శుద్ధులయ్యారు. ఆ మాట మీ నోటితో చెప్పండి" అన్నారు.

నాకు ఊరి పెద్ద గుర్తొచ్చాడు. ఆయన అమ్మ మీద వేశాడు. ఈయన సాతాను మీద వేస్తున్నారు. ఇద్దరూ నా మీద జాలితోనే ఆ బరువు దించాలని చూశారు.

"అయ్యగారూ, ఆ రోజు నాలో ఎవురూ లేరు" అన్నాను. "అమ్మా లేదు, సాతానూ లేదు. ఉండింది నేనే. అంతకు ముందు ఇరవై ఆరేళ్లు వచ్చింది మాత్రం చెడ్డది కాదయ్యగారూ. నాకు తెలుసు."

ఆయన మెల్లగా మైకు తీసుకుని ప్రార్థన మొదలుపెట్టారు. ఎవరూ నన్ను ఏమీ అనలేదు. పై ఆదివారం నన్ను పిలవడానికి ఎవరూ రాలేదు. నేనూ పోలేదు.

ఆ తర్వాత తెల్లవారుజామున మొగ దగ్గరికి పోవడం మొదలుపెట్టాను. ఏరు వచ్చి సముద్రంలో కలిసేచోటును మేము మొగ అంటాం. సరుగుడు తోపు దాటి అరగంట నడవాలి. పడవలన్నీ అప్పటికి లోపలికి పోయి ఉంటాయి కాబట్టి ఆ వైపు మనుషులు ఉండరు. ఇసుక మీద కూర్చునేదాన్ని. మొదట్లో మొక్కుకుందామని చూశాను. అమ్మా అంటే గుడి ముందు జనం కనిపించేవాళ్లు. ప్రభువా అంటే నాది కాని మాట పలికినట్టుండేది. చివరికి ఏమీ అనకుండా కూర్చోవడం అలవాటైంది. అన్న పేరు తలుచుకునేదాన్ని. నేను చేసింది నేనే చేశానని ఒకసారి అనుకునేదాన్ని. పొద్దు పైకి వచ్చాక లేచి పిల్లలకు గుడ్లు ఉడకబెట్టడానికి పోయేదాన్ని.

అక్కడ నాకు మనశ్శాంతి దొరికిందని రాస్తే బాగుంటుంది. చాలా రోజులు దొరకలేదు. కాళ్లు తిమ్మిరెక్కేవి, దోమలు కుట్టేవి, ఇంటి పని గుర్తొచ్చేది. రెండేళ్లు దాటాక ఒకనాడు, అలలు కళ్ల ముందే విరుగుతుండగా, ఆ హోరు ఆగిపోయింది. అదే నిశ్శబ్దం. నా తప్పు తెలిసినవాళ్లే, తెలిసి కూడా, దగ్గరికి వచ్చినట్టుంది. ఆ తర్వాత పూనకం ఏమీ లేదు. ఊగలేదు, పడిపోలేదు. కాసేపటికి అలల చప్పుడు మళ్లీ వినిపించింది. ఇప్పటిదాకా అట్లా మూడుసార్లే జరిగింది. ఎవరని అడిగితే నాకు తెలియదు. పేరు పెట్టాలని కూడా లేదు.

మొదటిసారి అట్లా జరిగిన రోజు ఇంటికి పరుగున వచ్చాను. ఎవరికైనా చెప్పాలనిపించింది. మా ఆయన అప్పుడే వేట నుంచి వచ్చి వల దులుపుతున్నాడు. చెప్పాను. ఆయన విన్నాడు. చేపలు ఏరడం ఆపలేదు.

"నాకవన్నీ తెలీదు మే" అన్నాడు. "సముద్రం మీద గాలి తిరిగినప్పుడు నేనొకటి అనుకునేవోణ్ణి. ఇంటికాడ అది ఉండాది, దాని ఎనక అమ్మ ఉండాది అని. ఇప్పుడు నువ్వు ఒక్కదానివే ఉండావు."

కోపంతో అన్న మాట కాదు. అందుకే ఇప్పటికీ వినిపిస్తుంది. ఆయన నన్ను ఒక్కనాడూ తిట్టలేదు, నటించినందుకూ, చెప్పేసినందుకూ. కానీ మా ఇద్దరి మధ్య ఉన్న మూడో మనిషి వెళ్లిపోయినట్టు, మేం మాట్లాడుకోవడానికి ఏమీ మిగల్లేదు. తిరునాళ్లకు పొంగలి ఆయన తన చెల్లెలి చేత పెట్టిస్తాడు. ఇప్పుడు అమ్మ పడమటి వీధిలో ఒక చిన్న కోడలి మీదికి వస్తోంది. ఆ పిల్ల నాకు ఎదురైతే తల దించుకుని పోతుంది. దాన్ని ఆపి ఒక మాట అడగాలని చాలాసార్లు అనుకున్నాను. నీకూ ఆ చప్పుడు ఆగిపోతుందా అని. అడిగితే, నిజమా నటనా అని పరీక్షిస్తున్నానని భయపడుతుంది. అడగలేదు.

వదిన నాతో మూడేళ్లు మాట్లాడలేదు. నేను రెండుసార్లు వాకిట్లోకి పోయి నిలబడ్డాను. రెండుసార్లూ తలుపు వేసుకుంది. మూడోసారి పోవడం నా మనసు తేలిక చేసుకోవడానికే అవుతుందని మానేశాను.

పోయిన చలికాలంలో ఒక ఉదయం మొగ దగ్గర కూర్చుని ఉంటే వెనక అడుగుల చప్పుడైంది. తిరిగి చూస్తే వదిన. చేతిలో ఏమీ లేదు. పనిమీద అటు వచ్చినట్టు లేదు. నాకు కొంచెం దూరంలో నిలబడింది.

"దినామూ ఈడికొచ్చి ఏం చేస్తా ఉండావు?" అంది.

"ఏం లేదు వదినా. కూర్చోని ఉంటా."

"ఎవరికి మొక్కుతావు?"

"తెలీదు."

"నా మొగుణ్ణి తలుచుకుంటావా?"

"దినామూ."

ఆమె సముద్రం వైపు తిరిగింది. గాలికి కొంగు ఎగురుతుంటే నడుములో దోపుకుంది.

"నిన్ను నేను మన్నించలా. మన్నిస్తానని కూడా అనుకోబాక" అంది. "ఆయన పోయినప్పుడు ఊరంతా వచ్చి, అమ్మ పిలుచుకునింది, రాసిపెట్టి ఉండాది అనినారు. నేనూ అదే అనినా. లోపల్లోపల మాత్రం, నేనేం పాపం చేస్తే నా మొగుణ్ణి అమ్మ తీసుకొని పోయిందా అని ఏడస్తా ఉండినా. ఏడాది అట్ట ఏడిచినా. నువ్వు ఆ పొద్దు చెప్పినాక తెలిసింది, నా పాపం ఏమీ లేదని."

ఆమె వైపు తిరిగి కూర్చున్నాను.

"ఆ ఒక్కటీ చెప్పాలని వచ్చినా" అని, వచ్చిన దారినే తిరిగి పోయింది. తోపులోకి పోయేదాకా చూస్తూ కూర్చున్నాను. మళ్లీ ఆమె అటు రాలేదు.

ఈ ఏడు వాళ్ల మనవరాలిని అంగన్‌వాడీలో వేశారు. మొదట వాళ్ల కోడలు తీసుకొచ్చేది. ఈ మధ్య వదినే తీసుకొస్తోంది. గడప దగ్గర పాప చెయ్యి నా చేతికి ఇస్తుంది. మధ్యాహ్నం వచ్చి, "అన్నం తిన్నాదా?" అని అడుగుతుంది. తినిందని చెబుతాను. గుడ్డులో పచ్చసొన పక్కన పెట్టేసిందని చెబుతాను. సరే అని పాపను ఎత్తుకుని పోతుంది. అంతకుమించి మా ఇద్దరికీ మాటలు లేవు. వాళ్లు వీధి మలుపు తిరిగాక నేను చాపలు చుట్టి, గది ఊడ్చి, తాళం వేసుకుంటాను.